రాళ్ల వలయాన్ని చదవడం - 4వ పాఠం: స్కోర్‌హిల్ దగ్గర ఖాళీలతో పని

ఇప్పటిదాకా ఇంట్లో కూర్చుని చేసే పనులే నేర్చుకున్నాం. బ్రిటన్ అధికారిక మ్యాపులైన ఆర్డ్‌నెన్స్ సర్వే మ్యాపులో గ్రిడ్ రిఫరెన్స్ (చోటుని చెప్పే అంకెలు) పట్టడం వచ్చింది, కాంటూర్ గీతల్ని చూసి వాలు ఎటుందో చెప్పడం వచ్చింది, కంపాస్‌తో ఓ దిక్కు పట్టుకుని నడవడం ఊళ్లో పార్కులో సాధన చేశారు. ఈ పాఠానికి బూట్లు కట్టుకోవాలి.

మనం వెళ్తున్నది ఇంగ్లండ్ నైరుతి మూల డెవన్‌లో ఉన్న డార్ట్‌మూర్‌కి. మూర్ అంటే చెట్లు లేని ఎత్తైన బీడు అనుకోండి: గడ్డి దుబ్బులు, హీథర్ పొదలు, అక్కడక్కడా చిత్తడి, అడుగున గ్రానైట్. దాదాపు 950 చదరపు కిలోమీటర్ల ఈ నేషనల్ పార్కులో ఆదిమానవులు నిలబెట్టిన రాళ్ల వరసలే డెబ్బైకి పైగా ఉన్నాయి. వలయాలు, అంటే గుండ్రంగా నిలబెట్టిన రాళ్ల గుంపులు, అంతకంటే తక్కువ. వాటిలో గిడ్లీ అనే చిన్న ఊరి పైనున్న స్కోర్‌హిల్ వలయాన్ని ఈ పాఠానికి ఎంచుకున్నాను. స్టోన్‌హెంజ్‌లాగా ఇక్కడ టికెట్ లేదు, తాడు కట్టిన హద్దు లేదు. గుర్రాలూ గొర్రెలూ తిరిగే చోటే మీరూ తిరగొచ్చు.

కారణం ఇంకొకటి ఉంది, అసలు కారణం అదే. డార్ట్‌మూర్ వలయాల్లో చాలావాటిని విక్టోరియా కాలం చివర్లోనూ ఆ తర్వాతా ఉత్సాహవంతులు మళ్లీ లేపి నిలబెట్టారు. వైట్ మూర్ వలయాన్ని 1896లో, పక్కపక్కనే జంటగా ఉన్న గ్రే వెదర్స్‌ని 1909లో సరిచేశారు. చూడ్డానికి అవి అందంగానే ఉంటాయి. కానీ అక్కడ నిలబడ్డ రాయి 4000 ఏళ్ల కిందటి వాళ్లు పెట్టిన చోటే ఉందా, వందేళ్ల కిందటి పెద్దమనిషి ఊహించిన చోట ఉందా అన్నది కంటితో చెప్పలేం. స్కోర్‌హిల్‌ని ఎవరూ అలా సర్దలేదు. పడ్డది పడ్డట్టే ఉంది, పోయింది పోయినట్టే ఉంది. నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే మంచి పుస్తకం ఉండదు.

దారి

డార్ట్‌మూర్‌ని చూపే ఆర్డ్‌నెన్స్ సర్వే ఓఎల్ 28 మ్యాపు తెరవండి. గ్రిడ్ రిఫరెన్స్ ఎస్‌ఎక్స్ 654 874. ఆ చదరంలో పాతకాలపు వంకర అక్షరాలతో స్టోన్ సర్కిల్ అని కనిపిస్తుంది. ఈ మ్యాపుల్లో ఆ రకం అక్షరాలు కనిపించాయంటే అక్కడున్నది పురాతన కట్టడమనీ, రోమన్లది మాత్రం కాదనీ అర్థం. ఇకనుంచి మ్యాపు చూసినప్పుడల్లా మీ కన్ను ముందు ఆ అక్షరాల మీదకే పోతుంది, చూడండి.

చాగ్‌ఫర్డ్ అనే ఊరి నుంచి ఇరుకు సందుల్లో వస్తే స్కోర్‌హిల్ ఫార్మ్ దగ్గర తారు రోడ్డు అయిపోతుంది. కార్లు కొద్దిగానే పడతాయి, రైతు గేటుకి మాత్రం అడ్డం పెట్టకండి. అక్కడినుంచి రెండు రాతి గోడల మధ్య దారి పోను పోను వెడల్పై మూర్‌లోకి తెరుచుకుంటుంది. పశువుల్ని కొండ మీంచి ఇళ్లకి తోలుకొచ్చేటప్పుడు మంద చెదిరిపోకుండా కట్టిన గోడలవి. గేటు దగ్గరే ఆగి మ్యాపు మీద కంపాస్ పెట్టి దిక్కు తీయండి. పడమరకి కాస్త దక్షిణంగా వస్తుంది. దూరం కిలోమీటరు లోపే. మ్యాపు ఉత్తరానికీ కంపాస్ ఉత్తరానికీ మధ్య తేడా సరిచేసుకోవాలని రెండో పాఠంలో చెప్పాను గదా. ఇప్పుడు ఇంగ్లండ్‌లో అది ఒకటి రెండు డిగ్రీల లోపే, ఇంత చిన్న నడకలో దాన్ని వదిలేయొచ్చు. ఫోను మాత్రం కంపాస్‌కి దూరంగా ఇంకో జేబులో పెట్టుకోండి. అది తెచ్చే తప్పు ఇంతకంటే చాలా ఎక్కువ.

ఎత్తు ఎక్కేదాకా వలయం కనపడదు. గట్టు మీదకి చేరాక ఒక్కసారిగా కింద వాలులో పళ్ల వరసలా బయటపడుతుంది. మంచు కమ్మిందనుకోండి, టెన్షన్ పడక్కర్లేదు. వలయాన్ని దాటి ముందుకి పోయినా కింద వాల్లా బ్రూక్ వాగో, నార్త్ టీన్ ఏరో అడ్డం వస్తుంది. నీళ్లు తగిలితే ఎక్కువ వచ్చేశారన్నమాట, వెనక్కి ఎక్కండి. దేన్నైనా వెతకబోయే ముందు, అది తప్పిపోతే నన్ను ఆపేది ఏమిటని మ్యాపులో చూసుకోవడం మూర్ మీద నడిచేవాళ్లకి మొదటి అలవాటు కావాలి.

మూడు జాగ్రత్తలు. పచ్చగా మెరిసే నాచు కనిపిస్తే అడుగేయకండి, దాని కింద నీళ్లుంటాయి. బ్రాకెన్ ఫెర్న్ మధ్య నడిస్తే ఇంటికొచ్చాక కాళ్లకి పిడుదులు పట్టాయేమో చూసుకోండి, లైమ్ జబ్బు వాటితోనే వస్తుంది. డార్ట్‌మూర్ ఉత్తర భాగంలో సైన్యం కాల్పుల సాధన చేసే నేలలున్నాయి. స్కోర్‌హిల్ వాటికి బయటే ఉంది. కానీ అక్కడినుంచి పడమరగా చాలా దూరం పోదామనుకుంటే కాల్పుల వేళలు ముందే చూసుకోవాలి. ఎర్ర జెండా ఎగిరితే ఆగిపోవాలి.

ముందు లెక్క, తర్వాతే ఫొటో

చేరగానే ఫోను తీయకండి. వలయం బయటినుంచి ఒక్క చుట్టు నెమ్మదిగా తిరగండి. ఆ తర్వాత లెక్కపెట్టండి.

రికార్డుల్లో నిలబడ్డవి 23, పడిపోయినవి 7 అని ఉంటుంది. మీ లెక్క వేరుగా రావచ్చు, రావాలి కూడా. నేలకి జానెడే పైకి తేలిన మొద్దుని రాయిగా లెక్కించాలా? సగం వాలి గడ్డిలో దాక్కున్నది నిలబడ్డట్టా, పడ్డట్టా? ఇక్కడ నియమం మీరే పెట్టుకోవాలి, పెట్టుకున్న నియమాన్ని కాగితం పైభాగాన రాసుకోవాలి. నేను పాటించేది ఇది: మోకాలి ఎత్తు దాటి, కూలిపోకుండా ఉన్నది నిలబడ్డ రాయి. నియమం రాయని లెక్కతో ఎవరికీ పని లేదు.

ఇప్పుడు టేపు. ముప్పై మీటర్ల టేపు, తోడు ఒక మనిషి ఉంటే చాలు. ఉత్తరం నుంచి దక్షిణానికి ఒకసారి, తూర్పు నుంచి పడమరకి ఒకసారి, రాళ్ల లోపలి ముఖం నుంచి లోపలి ముఖానికి కొలవండి. 26, 27 మీటర్ల మధ్య వస్తుంది. రెండు కొలతల మధ్యబిందువులు దాదాపు ఒక్కచోటే పడతాయి. అదే మీ కేంద్రం. అక్కడ మేకు కొట్టకండి. ఇది చట్టం రక్షించే స్థలం, నేలలోకి ఏదీ దిగకూడదు. సంచీ పెట్టి గుర్తు పెట్టుకోండి.

కేంద్రంలో నిలబడి ప్రతి రాయి వైపు కంపాస్ చూపి డిగ్రీ చదవాలి, టేపుతో దూరం చదవాలి, తోడున్నవాళ్లు రాసుకోవాలి. ఉత్తరం నుంచి మొదలెట్టి గడియారం ముల్లు తిరిగే దిశలో వెళ్లండి. ఇంటికొచ్చి కోణమానినితో, మీటరుకి ఒక సెంటీమీటరు చొప్పున గీస్తే వలయం కాగితం మీదకి వస్తుంది. నిలబడ్డ రాయికి నిండు చుక్క, మొద్దుకి ఇంటూ గుర్తు. పడిన రాయిని ఎటు పడిందో అటే సన్నటి గీతతో గీయండి. ఇక్కడ తొందర పడకూడదు. పడిన రాయికి ఒక కొస వలయం గీత మీద ఉంటే అది దాని మొదలు. రెండో కొస లోపలికుంటే లోపలికి పడింది, బయటికుంటే బయటికి. రెండు కొసలూ గీతకి దూరంగా ఉన్నాయా? అయితే దాన్ని ఎవరో కదిపారు, ఆ మాట పక్కన రాయండి.

రాళ్ల మొదళ్ల దగ్గర గుంటల సంగతి కూడా చూడండి. మూర్ మీది పశువులూ గుర్రాలూ దురద తీర్చుకోడానికి రాళ్లకి ఒళ్లు రుద్దుకుంటాయి. తొక్కి తొక్కి రాయి చుట్టూ గుంట పడుతుంది, వాన నీళ్లు నిలుస్తాయి, పట్టుగా ఉన్న మట్టి జారిపోతుంది, కొన్నేళ్లకి రాయి వాలుతుంది. గుంటలో ఉన్న రాయిని గుర్తించి తేదీతో సహా రాసుకుంటే, పదేళ్ల తర్వాత వచ్చినవాళ్లకి మీ కాగితం పనికొస్తుంది. (గుర్రాన్ని ఈ వలయంలోంచి నడిపించడం ఎవరి వల్లా కాదని అక్కడో నమ్మకం ఉంది. మేసే గుర్రాలకి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.)

ఖాళీలు

ఇప్పుడు అసలు పాఠం. వ్యాసం 26.5 మీటర్లు అనుకుంటే చుట్టుకొలత సుమారు 83 మీటర్లు. నిలబడ్డవీ పడ్డవీ కలిపి 30 రాళ్లు. సమానంగా పంచితే రాయికీ రాయికీ మధ్య 2.8 మీటర్ల దూరం రావాలి. మీ బొమ్మ చూడండి, అలా లేదు. ఒకచోట రాళ్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి, ఇంకోచోట బండి పట్టేంత ఖాళీ. బండి అనే మాట ఊరికే అనలేదు. పాత బండిదారి ఒకటి ఈ వలయంలోంచే పోయింది.

చెక్కుచెదరని చోట, పక్కపక్కన నిలబడ్డ రెండు రాళ్ల మధ్యబిందువుల మధ్య దూరం కొలవండి. అలాంటి జతలు మూడు నాలుగు కొలిచి సగటు తీసుకోండి. ఉదాహరణకి ఆ సగటు 1.3 మీటర్లు అనుకుందాం. 83ని 1.3తో భాగిస్తే 64. అంటే మొదట్లో అరవై పైన రాళ్లుండాలి. పరిశోధకుల అంచనా కూడా 65 నుంచి 70 దాకా ఉంది. మీ సగటు వేరుగా వస్తే మీ సంఖ్య కూడా మారుతుంది, దాన్నే నమ్మండి. ఏ లెక్క చూసినా సగానికి పైగా రాళ్లు మాయమయ్యాయి.

ఎక్కడికి పోయాయి? 19వ శతాబ్దం మొదటిదాకా డార్ట్‌మూర్‌లో క్వారీ తవ్వేవాళ్లు తక్కువ. నేల మీద దొరికే గ్రానైట్‌నే చీల్చుకుని గేటు స్తంభాలకీ గోడలకీ వంతెనలకీ వాడుకున్నారు. సిద్ధంగా నిలబెట్టిన పొడుగు రాయి వాళ్లకి వరం. కాబట్టి పడిన రాళ్ల అంచులు తడిమి చూడండి. అంచు వెంట సగం గొట్టంలాంటి గుండ్రటి గాట్లు వరసగా ఉంటే అది సుమారు 1800 తర్వాతి పని. అప్పటినుంచే రంధ్రాలు దొలిచి, వాటిలో ఇనప ముక్కలు బిగించి చీల్చే పద్ధతి వచ్చింది. గాట్లు పొడవుగా, దీర్ఘచతురస్రంగా ఉంటే అంతకంటే పాతవి. గాట్లే లేకపోతే గాలి, నీళ్లు, పశువుల పని కావచ్చు. తిరిగి వచ్చేటప్పుడు దారి పక్క గోడల్లోనూ ఇవే గుర్తులు వెతకండి. నాకైతే వలయంలో గడిపిన సమయం కంటే ఆ గోడల దగ్గర గడిపిన సమయమే ఎక్కువ.

పడిన రాళ్లని తక్కువ చేయొద్దని చెప్పడానికి ఇంకో ఉదాహరణ. ఇక్కడికి నైరుతిగా, 525 మీటర్ల ఎత్తులో, సిటాఫర్డ్ టోర్ అనే రాతి గుట్ట దగ్గర 2007లో ఒక వలయం బయటపడింది. పొదల్ని తగలబెట్టిన నేల మీద పురావస్తు పరిశోధకుడు ఆలన్ ఎండకాట్ దాన్ని గుర్తించారు. 34 మీటర్ల వ్యాసం, 30 రాళ్లు, నిలబడ్డది ఒక్కటీ లేదు. అన్నేళ్లూ ఆ పక్కనుంచి నడిచిపోయిన వాళ్లందరూ నిలబడ్డ రాళ్ల కోసమే చూశారు. ఒక రాయి కింది మట్టిని వయసు తేల్చే రేడియోకార్బన్ పరీక్షకి పంపితే, అది 4000 ఏళ్ల కిందటికే పడిపోయి ఉందని తేలింది.

లోపల ఏముంది?

మన తెలుగువాళ్లు ఇక్కడికొస్తే వెంటనే అడిగేది సమాధి ఎక్కడ అని. మహబూబ్‌నగర్, నల్గొండ వైపు పొలాల్లో రాకాసి గుళ్లు చూసినవాళ్లకి ఆ ప్రశ్న సహజమే. మన దగ్గర రాళ్ల వలయం అంటే ఎక్కువగా ఇనపయుగం వాళ్ల సమాధికి చుట్టూ పెట్టిన హద్దు. తవ్వితే ఇనప పనిముట్లు, నలుపూ ఎరుపూ కలిసిన కుండలు దొరుకుతాయి. డార్ట్‌మూర్ వలయాలు అంతకంటే పాతవి, ఇనుము ఇంకా తెలియని కాలంవి. లోపల సాధారణంగా నేల చదునుగా ఉంటుంది. ఫెర్న్‌వర్తీ వలయాన్ని 1897లో తవ్వినప్పుడు లోపలి నేలంతా బొగ్గు పరుచుకుని ఉంది. అక్కడ మంటలు పెట్టారని దానివల్ల తెలుస్తుంది, ఎందుకు పెట్టారో తెలియదు. సూర్యుడి కోసమో, పెళ్లిళ్ల కోసమో అని బోర్డు రాసినట్టు చెప్పేవాళ్లు చాలామంది తగులుతారు. వినండి, మీ కాగితం మీద మాత్రం రాయకండి.

ఇంటిపని

నిలబడ్డ వాటిలో అన్నిటికంటే ఎత్తైన రాయి దాదాపు రెండున్నర మీటర్లు ఉంటుంది. అది వలయంలో ఏ దిక్కున ఉందో మీ కంపాస్‌తో కనిపెట్టండి, నేను చెప్పను. మీ బొమ్మలో అతి పెద్ద ఖాళీకి ఎదురుగా ఏముందో కూడా చూడండి.

ఓపిక మిగిలితే దక్షిణంగా ఏటి దాకా దిగండి. నార్త్ టీన్ నీళ్లు సుడి తిరిగి తొలిచిన గుండ్రటి రంధ్రంతో టోల్‌మెన్ అనే పెద్ద బండ ఉంది. ఇది మనుషుల పని కాదు, ఏటి పని. రెండింటికీ తేడా చేతికి తెలియాలి కాబట్టి అంచు తడిమి చూడండి. వచ్చే పాఠంలో అక్కడే రాతి పలకల వంతెన మీదుగా ఏరు దాటి షవల్ డౌన్ రాళ్ల వరసలకి ఎక్కుతాం. అక్కడ కేంద్రం ఉండదు కాబట్టి కొలిచే పద్ధతి మారుతుంది. టేపు యాభై మీటర్లది తెచ్చుకోండి.