కొండ దిగే ముందు ఎక్కే దారి చూసుకోండి: మన్యంలో బైక్ ట్రైల్‌కు వెళ్ళేవాళ్ళకు జాగ్రత్తలు

దసరా దాటిందంటే అరకు వైపు వలిసె పూలు పసుపు పరుస్తాయి. వంజంగి మేఘాల ఫోటోలు ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. విశాఖ, విజయనగరం, రాజమండ్రి కుర్రాళ్ళు బళ్ళు సర్వీసింగ్‌కి ఇచ్చేస్తారు. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళూ తక్కువేం కాదు. తారు రోడ్డు మీద వెళ్ళి కాఫీ తాగి వచ్చేవాళ్ళ కోసం కాదు ఇది. పాడేరు, పెదబయలు, ముంచింగిపుట్టు, చింతపల్లి చుట్టుపక్కల తారు వదిలేసి, మట్టిబాటల్లో గెడ్డలు (కొండవాగులు) దాటుకుంటూ స్నేహితులతో తిరగాలనుకునే వాళ్ళ కోసం రాస్తున్నాను.

నాలుగేళ్ళ కిందట మేం అయిదుగురం పెదబయలు పైన ఒక దిగుడులో ఉన్నాం. మాలో ఒకడు పడ్డాడు. పెద్ద స్పీడేం లేదు, మనిషి నడిచేంత వేగం. ముందు చక్రం రాయి మీంచి జారింది, భుజం నేలకు తగిలింది, కాలర్ బోన్ విరిగింది. అప్పుడు మధ్యాహ్నం రెండు. ఫోన్లో సిగ్నల్ లేదు. దిగిన దారి మళ్ళీ ఎక్కాలంటే నాలుగు కిలోమీటర్లు, బండి మీద కూర్చోబెడితే ప్రతి కుదుపుకూ వాడు అరుస్తున్నాడు. చివరికి కింద ఊరివాళ్ళు వెదురు బొంగుకి దుప్పటి కట్టి డోలీలో మోశారు. వంతులు మార్చుకుంటూ, చెప్పుల్లేని కాళ్ళతో. ఎక్స్‌రే తీసేసరికి రాత్రి తొమ్మిదిన్నర అయింది. పట్నంలో అయితే అరగంటలో అయ్యే పని.

ఆ రోజు నుంచి నేను ఏ దిగుడు ముందైనా బండి ఆపి ఒకటే అడుగుతాను: ఇక్కణ్ణుంచి మళ్ళీ పైకి ఎక్కగలమా? దెబ్బ తగిలిన మనిషితో ఎక్కగలమా? అందరూ అవునంటేనే దిగుతాం. కింద రాసినవన్నీ ఈ ప్రశ్న చుట్టూ తిరిగేవే.

వాన అయిపోయిందని మీరనుకుంటే సరిపోదు

అక్టోబర్ అంటే మనకు సీజన్ మొదలు. బంగాళాఖాతానికి అది తుపాన్ల నెల. హుద్‌హుద్ విశాఖను కొట్టింది 2014 అక్టోబర్ 12న. తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబర్ 11న. రెండూ సరిగ్గా మనం లీవు పెట్టుకునే రోజులే. సముద్రంలో అల్పపీడనం అని వాతావరణ శాఖ చెప్పగానే ప్లాన్ వాయిదా వేయండి. రూము అడ్వాన్సు పోతే పోనివ్వండి. వాన ఆగాక కూడా కనీసం రెండు రోజులు వదలాలి. మన్యం ఎర్రమట్టి తడిస్తే జిగురు. టైరు గాడుల్లో నిండిపోయి చక్రం సబ్బుబిళ్ళలా తయారవుతుంది. ఎంత ఖరీదైన టైరైనా అంతే. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడ ఉంటుంది కాబట్టి ఊళ్ళో రోడ్డు ఆరిపోయినా తోట బాట ఆరదు. పొద్దున్న మంచుకు తడిసిన రాళ్ళు తొమ్మిది దాటాక గానీ పట్టు ఇవ్వవు.

గెడ్డల దగ్గర మాత్రం నన్ను ఎవరైనా పిరికివాడన్నా నేను పట్టించుకోను. మీ నెత్తిన ఎండ కాస్తున్నా, పై కొండ మీద వాన పడితే గంటలో నీళ్ళు పెరిగిపోతాయి. స్వచ్ఛంగా పారే నీళ్ళు ఉన్నట్టుండి బురద రంగుకి మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా వెంటనే గట్టు మీదకు వచ్చేయాలి. మామూలు రోజున కూడా ముందు ఒకరు కర్ర పట్టుకుని నడిచి దాటి చూడాలి. నీళ్ళు మోకాలు దాటితే బండి దింపొద్దు. లోతు తక్కువే అయినా ప్రవాహం కాళ్ళను లాగుతుంటే కూడా వద్దు. చప్టాల (గెడ్డకు అడ్డంగా వేసిన సిమెంటు దారుల) మీద ఇంకో ప్రమాదం ఉంది. కింది అంచున నాచు పట్టి, నీళ్ళు దూకే చోట సిమెంటు కొట్టుకుపోయి గుంట ఉంటుంది. పైనుంచి చూస్తే అది కనబడదు. అందుకే నీళ్ళు వచ్చే వైపు ఉండాలి, పడే వైపు కాదు.

దాటేటప్పుడు ఫస్ట్ గేరు, నిలకడగా రేజ్, చూపు అవతలి గట్టు మీద. పక్కన ఇద్దరు ఉండాలి. వాళ్ళు బండికి ఎగువ వైపున నడవాలి. దిగువన ఉంటే బండి పడ్డప్పుడు వాళ్ళ మీదే పడుతుంది. ఇంజన్ నీళ్ళలో ఆగిపోయిందా, దయచేసి సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్లోకి నీళ్ళు వెళ్ళి ఉంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. గట్టుకు తోసి, స్పార్క్ ప్లగ్ ఊడదీసి, అప్పుడు తిప్పితే నీళ్ళు బయటికి చిమ్ముతాయి. ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడండి. ఇంజన్ ఆయిల్ పాలు కలిసిన టీ రంగులో ఉంటే ఆ రోజుకి ఆ బండి స్టార్ట్ చేయొద్దు.

బండి

ఊరివాళ్ళు పాత స్ప్లెండర్ మీద రెండు బస్తాలు, ఒక మనిషిని వేసుకుని ఎక్కే బాట మీకు కూడా సులువే అనుకోవద్దు. వాళ్ళకు ప్రతి రాయీ తెలుసు. పైగా స్ప్లెండర్ దాదాపు 112 కిలోలు. ట్రైల్‌కి మనవాళ్ళు తెచ్చే బళ్ళలో ఎక్స్‌పల్స్ 160 దగ్గర ఉంటుంది, హిమాలయన్ 200 దగ్గర. పడ్డాక ఎత్తేటప్పుడు ఆ తేడా నడుముకి తెలుస్తుంది.

టైర్లలో గాలి రోడ్డు మీద ఉన్నంత అక్కర్లేదు. మట్టిలోకి దిగే ముందు 20, 22 పీఎస్‌ఐకి తగ్గిస్తే టైరు నేలను పట్టుకుంటుంది. అంతకన్నా తగ్గిస్తే ట్యూబు రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి రెండు చోట్ల చిరుగుతుంది. మళ్ళీ తారు ఎక్కాక గాలి నింపుకోవడానికి చిన్న పంపు ఉండాలి. ట్యూబులు, టైరు లివర్లు, ప్లగ్గు, ఫ్యూజులు, చైన్ లింకు, క్లచ్ కేబుల్, ఒక జత క్లచ్, బ్రేక్ లివర్లు, ఇంజన్ కింద పగిలితే పూయడానికి ఎం-సీల్, అయిదారు మీటర్ల గట్టి తాడు. ఇవన్నీ ఒకరి దగ్గరే పెట్టకుండా పంచుకోండి. అసలు పని ఏమిటంటే, బయల్దేరే ముందు ఆదివారం ఇంటి దగ్గర కూర్చుని మీ చేతులతో ఒక టైరు విప్పి, ట్యూబు మార్చి, మళ్ళీ ఎక్కించండి. మొదటిసారి రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటలు అడవిలో కాకుండా ఇంటి దగ్గరే పోవాలి.

ఫస్ట్ గేర్లో కొండెక్కే రోజు మైలేజీ లెక్కలు పనిచేయవు. పాడేరు, చింతపల్లి, అరకు లాంటి చోట్ల ట్యాంకు నింపాకే లోపలికి వెళ్ళాలి. సగం ట్యాంకు అయిపోతే వెనక్కి తిరగడమే.

మామూలు హెల్మెట్ అయినా పర్వాలేదు కానీ ఐఎస్‌ఐ గుర్తు ఉండాలి, స్ట్రాప్ బిగించి ఉండాలి. చీలమండ దాటే బూట్లు, మోకాలి గార్డులు, గ్లౌజులు లేకుండా మా గుంపులో ఎవరినీ రానివ్వం. ట్రైల్లో ఎక్కువగా పోయేది చీలమండ, మోకాలు, మణికట్టు, కాలర్ బోన్. స్పోర్ట్స్ షూలతో వచ్చినవాణ్ణి తారు రోడ్డు దగ్గరే ఆపేయడం వాడి మీద ప్రేమే.

గుంపుగా వెళ్ళడం

నలుగురు నుంచి ఆరుగురు చాలు. ఇద్దరైతే ఒకరు పడ్డప్పుడు రెండోవాడు అక్కడ ఉండాలా, సాయానికి వెళ్ళాలా తెలీదు. పదిమంది అయితే ఎవరు ఎక్కడున్నారో తెలీదు. ముందు దారి తెలిసినవాడు, చివర పనితనం, ఓపిక రెండూ ఉన్నవాడు, వాడి దగ్గరే ఫస్ట్ ఎయిడ్ సంచి. కొత్తవాణ్ణి రెండో స్థానంలో పెట్టండి, చివర్లో పెడితే అందుకోవాలన్న టెన్షన్లో పడతాడు. దారి చీలిన ప్రతిచోటా వెనకవాడు కనబడేదాకా ఆగాలి. కనబడ్డాక చెయ్యి చూపించి కదలాలి. ఈ ఒక్క పద్ధతి పాటిస్తే మనిషి తప్పిపోవడం అంటూ ఉండదు.

నిలువు ఎత్తుల్లో ఒక్కొక్కరే ఎక్కాలి. పైకి చేరినవాడు అరిచాకే కిందివాడు బయల్దేరాలి. మధ్యలో ఇంజన్ ఆగితే చాలామంది క్లచ్ పట్టుకుంటారు. అప్పుడు బండి వెనక్కి దొర్లుతుంది. క్లచ్ వదిలేయండి, గేరులో ఉన్న ఇంజనే బండిని ఆపుతుంది. ముందు బ్రేకు కూడా పట్టి, కొండ ఉన్న వైపుకి వాల్చి దిగండి. లోయ వైపు ఎప్పుడూ దిగొద్దు. బండి చెయ్యి దాటి పడిపోతుంటే వదిలేయండి. లివరు మూడు వందలు, మోకాలికి ఆపరేషన్ అంటే ఆరు నెలలు. దిగుడులో ఫస్ట్ గేరు, వెనక బ్రేకు కాస్త ఎక్కువ, ముందు బ్రేకు ఒక వేలితో, శరీరం వెనక్కి. న్యూట్రల్‌లో దిగడం మాత్రం వద్దు.

గుంపులో బాగా అలసిపోయినవాడు "ఇక చాలు" అంటే అందరికీ చాలు. వాణ్ణి ఎవరూ ఆటపట్టించకూడదు. మా పడ్డ స్నేహితుడు అంతకు గంట ముందే చేతులు వణుకుతున్నాయన్నాడు. "ఇంకొక్క కొండే కదరా" అన్నది నేనే.

నవంబర్‌లో ఇక్కడ సాయంత్రం ఐదున్నర లోపే పొద్దు గూకుతుంది, లోయల్లో ఇంకా ముందే చీకటి. మూడున్నరకి తారు రోడ్డు మీద ఉండేలా లెక్క వేసుకోండి. డిసెంబర్, జనవరిలో లంబసింగి, చింతపల్లి వైపు కొన్ని రోజులు 5 డిగ్రీల లోపుకి దిగుతుంది. వేళ్ళు కొయ్యబారితే లివరు మీద చెయ్యి ఉందో లేదో తెలీదు. మంట దగ్గర చేతులు కాచుకుని, వేళ్ళు కదిలాకే బయల్దేరండి.

ఊళ్ళు, మనుషులు

మనం ట్రైల్ అంటున్నది వాళ్ళకు బడికీ, సంతకూ, ఆసుపత్రికీ వెళ్ళే దారి. సంత రోజున ఆ వైపు జీపుల్లో లోపల ఎంతమంది ఉంటారో పైనా అంతమంది ఉంటారు. మలుపులో హారన్ కొట్టండి, ఎత్తు ఎక్కే బండికి దారి వదలండి, చట్టమూ అదే చెబుతోంది. కోతల కాలంలో వడ్లు, చోళ్ళు (రాగులు) రోడ్డు మీదే ఆరబోస్తారు. గడ్డి మీద బ్రేకు వేస్తే ఐసు మీద వేసినట్టే. పైగా అది వాళ్ళ ఏడాది తిండి. దిగి పక్కనుంచి నడిపించుకు వెళ్ళండి.

దారి అడిగేటప్పుడు "ఎంత దూరం?" అని అడిగితే "దగ్గరే" అంటారు, నడిచేవాళ్ళకు అన్నీ దగ్గరే. "బండి దిగుతుందా, మళ్ళీ ఎక్కుతుందా? నిన్నా మొన్నా ఎవరైనా వెళ్ళారా?" అని అడగండి. రిజర్వ్ ఫారెస్టులోకి అనుమతి లేకుండా వెళ్ళొద్దు. గంజాయి రవాణా వల్ల చెక్‌పోస్టుల్లో పోలీసులు సంచులన్నీ చూస్తారు, సహకరించండి. తెలియనివాళ్ళ మూట దేన్నీ, "పాడేరులో మావాడికి ఇచ్చెయ్యండి" అన్నా సరే, బండి మీద పెట్టుకోవద్దు.

సిగ్నల్ ఉన్న ఆఖరి ఊళ్ళో ఆగి ఇంట్లోవాళ్ళకు ఎటు వెళ్తున్నామో, ఏ ఊరి దగ్గర బయటికొస్తామో, ఎన్ని గంటలకు ఫోన్ చేస్తామో మెసేజ్ పెట్టండి. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఎవరైనా పడితే ముందు మిగతా బళ్ళు ఆపి, పడ్డ బండి ఇంజన్ ఆపండి. మనిషిని లాగి లేపొద్దు. మెడ నొప్పి అన్నా, కాళ్ళూ చేతులూ తిమ్మిరి అన్నా కదపకుండా ఉంచాలి. ఊపిరి ఆడుతున్నంత వరకు హెల్మెట్ తీయొద్దు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టండి. పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడుతో బిగించడం ఏదీ వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్రతో కట్టి ఆసుపత్రికి చేర్చాలి. ఇద్దరు సిగ్నల్ దొరికే చోటికి వెళ్ళి 108కి చెప్పాలి, ఒక్కరిని పంపొద్దు.

ఇంటికొచ్చాక ఒక విషయం చాలామంది మర్చిపోతారు. ఏజెన్సీలో మలేరియా ఉంది, అందులోనూ ప్రమాదకరమైన ఫాల్సిపారం రకం. రాత్రి అక్కడ పడుకుంటే దోమతెర, ఒంటికి దోమల క్రీము తప్పనిసరి. దోమ కుట్టిన రెండు వారాలకు కూడా జ్వరం రావచ్చు, అప్పటికి ట్రిప్పు సంగతి గుర్తుండదు. నెల లోపు చలితో జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకుని ఊరుకోకుండా రక్త పరీక్ష చేయించుకోండి. ఒంటి మీద ఎక్కడైనా నల్లటి చెక్కు కట్టిన పుండు ఉంటే అదీ చూపించండి, పొదల్లో కుట్టే చిన్న పురుగుల వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ కావచ్చు. డాక్టరు అడిగినా అడగకపోయినా మొదటి మాటగా చెప్పండి: ఫలానా తేదీల్లో మన్యం వెళ్ళొచ్చాను అని.