ఒకే బొమ్మను నమ్ముకుని కూర్చోకండి

బొమ్మలు వేసేవారికి చేయి తిరగడం కంటే ఓపిక నిలవడం కష్టం. ఆ ఓపిక ఎలా కుదురుతుందో శ్రీకాళహస్తి కలంకారీ పనిని చూస్తే నాకు అర్థమైంది. నల్ల రంగు కోసం అక్కడ తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెడతారు. గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. ఆ తర్వాతే వెదురు కలంతో గీత. ఒకసారి పడ్డ నల్ల గీతను చెరపడం కుదరదు, ఆరకముందే తొందరపెట్టడమూ కుదరదు. ఒకటి నానుతుండగా ఇంకొకదాని మీద పని సాగుతూనే ఉంటుంది.

మీరూ అలాగే మూడు బొమ్మలను మూడు దశల్లో ఉంచుకోండి. ఒకటి రంగు ఆరుతూ, ఒకటి పెన్సిలు గీతల్లో, ఇంకొకటి నోటు పుస్తకంలో ఊహగా. ఒకటి మొండికేసిన రోజున మరొకదాని మీద చేయి ఆడుతుంది. ఎవరైనా ఒక బొమ్మను బాగాలేదన్నా మనసు పూర్తిగా కుంగిపోదు, నాకు అన్నిటికంటే మేలు చేసింది ఇదే. మూడు దాటనివ్వకండి, దాటితే ఏదీ పూర్తికాదు. రోజూ పని ముగించి లేచేముందు, రేపు ఎక్కడ మొదలుపెట్టాలో ఒక చీటీ మీద రాసి బొమ్మ వెనక అంటించండి.