రక్షణ ఉత్తర్వు వచ్చాక తండ్రి పిల్లలను చూడటం: దరఖాస్తులో ఏమి అడగాలి, ఉత్తర్వులో ఏమి ఉండాలి

గృహహింస కేసు వేసిన తల్లులు తరచుగా రెండు విధాలుగా పొరబడుతుంటారు. రక్షణ ఉత్తర్వు వచ్చింది కాబట్టి భర్త ఇక పిల్లల దరిదాపులకు రాలేడని కొందరు నిశ్చింతగా ఉంటారు. తండ్రి కాబట్టి ఏ ఉత్తర్వు ఉన్నా పిల్లలను ఎప్పుడైనా తీసుకుపోతాడని మరికొందరు భయపడుతుంటారు. రెండూ సరికావు. 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉన్న గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం, 2005 ఈ రెండు విషయాలను వేర్వేరు సెక్షన్లలో చెప్పింది. రక్షణ ఉత్తర్వులు సెక్షన్ 18లోను, పిల్లల తాత్కాలిక కస్టడీ సెక్షన్ 21లోను ఉన్నాయి. మొదటిదే అడిగి రెండోదాన్ని వదిలేస్తే, పిల్లలను చూడటానికి వచ్చానన్న సాకుతో హింస మళ్లీ గుమ్మం దాకా వస్తుంది.

సెక్షన్ 18 కింద మేజిస్ట్రేట్ ప్రతివాదిని (ఎవరిపై కేసు వేశారో ఆ వ్యక్తిని) హింసకు పాల్పడవద్దని, బాధితురాలు పనిచేసే చోటికి రావద్దని, నేరుగా గానీ ఫోను, ఉత్తరం, సందేశం ద్వారా గానీ ఆమెను సంప్రదించవద్దని ఆదేశించవచ్చు. ఆమెపై ఆధారపడినవారిని, ఆమెకు సాయం చేసిన బంధువులను హింసించకుండా కూడా ఇదే ఉత్తర్వులో నిషేధించవచ్చు కనుక పిల్లలకు కొంత రక్షణ ఇక్కడే దొరుకుతుంది. వీటికి తోడు, ఉత్తర్వులో ప్రత్యేకంగా పేర్కొని మరే పనినైనా నిషేధించే అధికారం కూడా మేజిస్ట్రేట్‌కు ఉంది. పిల్లల బడి, ట్యూషన్, అమ్మమ్మగారి ఇల్లు వంటి చోట్లు ఈ నిషేధంలోకి రావాలంటే వాటిని దరఖాస్తులో పేరుపేరునా రాసి అడగాలి.

సెక్షన్ 21 ప్రకారం, విచారణ ఏ దశలో ఉన్నా, పిల్లలను తాత్కాలికంగా బాధితురాలికి అప్పగించవచ్చు, అవసరమనుకుంటే ప్రతివాది వచ్చి చూసే ఏర్పాట్లను కూడా నిర్దేశించవచ్చు. అయితే ఆ రాకపోకలు పిల్లల మేలుకు హాని చేస్తాయని మేజిస్ట్రేట్ అభిప్రాయపడితే అనుమతి నిరాకరించాలని చట్టం చెబుతోంది. ‘నిరాకరించవచ్చు’ అని కాదు, ‘నిరాకరించాలి’ అని. ఆ అభిప్రాయానికి ఆధారం తల్లి ఇచ్చే వివరాలే. ‘పిల్లలకు ప్రమాదం’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టకుండా, కొట్టినప్పుడు పిల్లలు ఏ గదిలో ఉన్నారు, ఏమి చూశారు, ఆ తర్వాత నిద్రలో ఉలిక్కిపడటం, పక్క తడపడం, బడికి వెళ్లనని ఏడవడం వంటి మార్పులు ఎప్పటి నుంచి మొదలయ్యాయి అన్నవి తేదీలతో రాయాలి. డాక్టరు చీటీ ఉంటే జతచేయాలి. పిల్లల మీద చెయ్యి పడలేదు కదా అని ఈ భాగాన్ని వదిలేయకూడదు. తల్లిని కొడుతుంటే గోడ పక్క నిలబడి విన్న బిడ్డకు కూడా గాయమైనట్టే.

కోర్టు చూడటానికి అనుమతి ఇచ్చేటట్లయితే, అసలు జాగ్రత్త పడవలసింది ఇక్కడే. ‘ప్రతి ఆదివారం చూడవచ్చు’ అని మాత్రమే ఉన్న ఉత్తర్వు ప్రతి ఆదివారం ఒక కొత్త తగాదాను తెస్తుంది. ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు, ఏ చోట, ఎవరి సమక్షంలో, పిల్లలను తీసుకువచ్చేది ఎవరు, తిరిగి అప్పగించేది ఎవరికి, ఊరు దాటి తీసుకువెళ్లవచ్చా, రాలేకపోతే ఆ సంగతి ఎవరికి తెలపాలి, ఫోనులో మాట్లాడితే ఏ వేళలో, ఎవరి ఫోనులో అన్నవన్నీ రాతపూర్వకంగా ఉండాలని కోరండి. బిడ్డను అప్పగించే ఆ పది నిమిషాలే భార్యాభర్తలు ఎదురుపడే సమయం కాబట్టి, ఇద్దరూ నమ్మే మూడో వ్యక్తి చేతుల మీదుగా అది జరిగేలా చూడటం మంచిది. కలిసే చోటు ఇల్లు కాకుండా ఉంటే మరీ మంచిది.

సెక్షన్ 31 శిక్ష విధించేది రక్షణ ఉత్తర్వును, లేదా మధ్యంతర (కేసు తేలేలోపు ఇచ్చే) రక్షణ ఉత్తర్వును ఉల్లంఘించినందుకు. ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇది పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగల, బెయిలు హక్కుగా రాని నేరం. సెక్షన్ 31లో కస్టడీ ఉత్తర్వు పేరు లేదు. అందువల్ల బడి దగ్గరకు రాకూడదు, అప్పగింత వేళ తల్లిని సమీపించకూడదు వంటి నిషేధాలను సెక్షన్ 18 ఉత్తర్వులోనే పొందుపరచమని అడగాలి. ఈ చిన్న తేడా ఠాణాకు పరుగెత్తవలసి వచ్చినప్పుడు పెద్దదవుతుంది.

దరఖాస్తును బాధితురాలు స్వయంగా గానీ, రక్షణాధికారి (ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించిన అధికారి) ద్వారా గానీ, ఆమె తరఫున మరొకరు గానీ దాఖలు చేయవచ్చు. ఆమె తాత్కాలికంగా తలదాచుకున్న ఊరి కోర్టు కూడా చెల్లుతుంది కాబట్టి అత్తవారి ఊరికి తిరిగి వెళ్లనవసరం లేదు. మొదటి విచారణ సాధారణంగా మూడు రోజుల్లో ఉండాలని, కేసు 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతున్నా ఆచరణలో ఆలస్యం కావచ్చు. కనుక అఫిడవిట్ (ప్రమాణ పత్రం) జతచేసి సెక్షన్ 23 కింద మధ్యంతర ఉత్తర్వును మొదటి రోజే కోరండి, అందులో కస్టడీని కూడా చేర్చండి. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచిత న్యాయవాదిని జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఇస్తుంది. ఫోను నంబరు 15100.

ఉత్తర్వు ప్రతులు ఉచితం. ఒకటి మీ దగ్గర, ఒకటి నమ్మకమైన బంధువు దగ్గర ఉంచి, మరొకటి బడి ప్రధానోపాధ్యాయునికి ఇచ్చి, ఎవరు వస్తే బిడ్డను పంపాలో రాసి ఇవ్వండి. తండ్రికి ఏదైనా చెప్పాలంటే బిడ్డతో కబురు పంపవద్దు, చూసి వచ్చిన బిడ్డను గుచ్చిగుచ్చి అడగవద్దు. దానంతట అది చెప్పిన మాటను మాత్రం ఆ రోజే, అది అన్న మాటల్లోనే రాసిపెట్టండి. ఉల్లంఘన జరిగిన వెంటనే 112కు, సలహా కావాలంటే 181కు, బిడ్డ ఆపదలో ఉంటే 1098కు ఫోను చేయవచ్చు.

తండ్రి ఉత్తర్వును మీరుతున్నాడని మీరు కూడా మీ అంతట మీరే పిల్లలను చూపించడం ఆపేస్తే, తప్పు మీ వైపు కనిపించే ప్రమాదముంది. పరిస్థితులు మారాయని చూపి ఉత్తర్వును సవరించమని సెక్షన్ 25 కింద మేజిస్ట్రేట్‌ను కోరండి. ఉత్తర్వు మీకు అంగీకారం కాకపోతే 30 రోజుల్లోగా సెషన్స్ కోర్టులో అప్పీలు చేసుకోవచ్చు. శాశ్వత కస్టడీ మాత్రం ఈ కేసులో తేలదు, దానికి ఫ్యామిలీ కోర్టులో వేరుగా పిటిషన్ వేయాలి. రక్షణ ఉత్తర్వు ప్రతిని, ఉల్లంఘనల గురించి మీరు రాసిపెట్టుకున్న నోటుపుస్తకాన్ని అక్కడికి కూడా తీసుకువెళ్లండి.