‘మీరు ఏమవుతారు?’ అని అడిగేలోపే చేసి పెట్టుకోవాల్సిన కాగితాలు

మూడేళ్ల కిందట ఒక రాత్రి నా సహచరికి అపెండిక్స్ నొప్పి వచ్చింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లి, ఆపరేషన్ ఫారం మీద సంతకం పెట్టబోయాను. "మీరు పేషెంటుకి ఏమవుతారు?" అని అడిగారు. ఇద్దరం ఆడవాళ్లం. అప్పటికి మౌలాలిలో ఒకే ఇంట్లో జంటగా ఎనిమిదేళ్లు కలిసి బతికాం. నోట్లోంచి "ఫ్రెండ్‌ని" అనే మాటే వచ్చింది. గుంటూరు నుంచి వాళ్లన్నయ్య వచ్చి సంతకం పెట్టేసరికి తెల్లారింది.

ఆ తర్వాత మేమిద్దరం చేయించుకున్న కాగితాల గురించి రాస్తున్నాను. నేను జాకెట్లు కుడతాను, తను ప్రైవేటు స్కూల్లో టీచరు. స్వలింగ వివాహం పట్టణాల్లోని ఉన్నతవర్గాల ఆలోచన అని కేంద్రం సుప్రీంకోర్టులో అన్నప్పుడు నాకు చాలా బాధేసింది.

ముందు చట్టం సంగతి. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో మనలాంటి స్వలింగ జంటల బంధం నేరం కాకుండా పోయింది. పెళ్లి మాత్రం దక్కలేదు. హైదరాబాద్ జంట సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ తదితరులు వేసిన కేసులో 2023 అక్టోబర్ 17న ఐదుగురు జడ్జీలూ పెళ్లి ప్రాథమిక హక్కు కాదన్నారు. ఆ తీర్పును మళ్లీ చూడమన్న రివ్యూ పిటిషన్లనూ 2025 జనవరిలో కొట్టేశారు. అయితే మీలో ఒకరు ట్రాన్స్ వ్యక్తి అయి, మీది ఆడ-మగ జంట అయితే, ఇప్పుడున్న చట్టాల కిందే పెళ్లి చేసుకోవచ్చని అదే తీర్పు చెప్పింది. అలాంటి వాళ్లు ముందు పెళ్లి రిజిస్ట్రేషన్ చూసుకోండి.

ఇక ఆసుపత్రి. స్పృహలో ఉన్న మేజర్ తన ఆపరేషన్‌కి తనే ఒప్పుకోలు ఇవ్వొచ్చు. ఆ రాత్రి నాకిది తెలియదు, తెలిస్తే గట్టిగా అడిగేదాన్ని. జీపీఏ (మన తరఫున పనులు చూసుకోమని ఇంకొకరికి రాసిచ్చే అధికార పత్రం) రాయించుకుంటే చాలని చాలామంది అనుకుంటారు. కానీ రాసిచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే అది చెల్లదు, అంటే సరిగ్గా అవసరం పడ్డప్పుడే పనికిరాదు. అందుకే వెంటిలేటర్ లాంటి ప్రాణాధార చికిత్స కావాలో వద్దో చెప్పే ముందస్తు ఆదేశం రాసుకోండి. మీ తరఫున ఎవరు మాట్లాడాలో అందులో పేరు రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ చేయించాలి. మానసిక వైద్యానికైతే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం తెల్లకాగితం మీద మీ ప్రతినిధి పేరు రాసి సంతకం పెడితే సరిపోతుంది. బంధువే కావాలని లేదు.

బ్యాంకు పని సులువు. మనలాంటి జంటలు జాయింట్ ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని 2024 ఆగస్టు 28న ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. ఆ ప్రకటన ప్రింటు చేతిలో పట్టుకుని వెళ్లండి. రేషన్ కార్డులో ఒకే కుటుంబంగా చూడమని కూడా రాష్ట్రాలకు కేంద్రం చెప్పింది.

నామినీ అంటే హక్కుదారు కాదు. డబ్బు చేతికొచ్చినా వారసులు అడిగితే ఇవ్వాల్సిందే. కాబట్టి వీలునామా తప్పనిసరి. తెల్లకాగితం చాలు, స్టాంపు డ్యూటీ లేదు, ఇద్దరు సాక్షులు కావాలి. ఆస్తి ఎవరికి రాస్తున్నారో వాళ్లని సాక్షిగా పెట్టకండి. సాక్షులు మీకంటే చిన్నవాళ్లైతే మేలు. రిజిస్ట్రేషన్ చట్టప్రకారం తప్పనిసరి కాదు కానీ, మా కస్టమరైన లాయరమ్మ మాట విని మేం చేయించాం. తోబుట్టువులకు ఎందుకు ఇవ్వలేదో ఒక వాక్యం రాయమని కూడా ఆమే చెప్పింది. నా కుట్టుమిషన్లు, చిట్టీ డబ్బులు తనకని రాసేటప్పుడు చెయ్యి వణికింది.

పీఎఫ్ దగ్గర జాగ్రత్త. మీ మీద ఆధారపడిన తల్లిదండ్రులుంటే బయటివాళ్లని నామినీగా పెట్టినా చెల్లదు. వాళ్లమ్మ బతికున్నంతవరకు తను నా పేరు పెట్టలేదు.

ఇన్ని చేసినా ఇది పెళ్లికి సమానం కాదు. పక్కింటి జంటకు ఒక్క సర్టిఫికెట్‌తో వచ్చేదాన్ని మేం కాగితం కాగితంగా కుట్టుకోవాల్సి వచ్చింది. ఇది అన్యాయమనే నేనంటాను.

అసలు కాగితాలు నా మిషన్ సొరుగులో, ఫొటోలు ఇద్దరి ఫోన్లలో ఉన్నాయి. ఇంకో సెట్టు గుంటూరులో వాళ్లన్నయ్య దగ్గరుంది. ఆయనే అడిగి తీసుకెళ్లాడు.