కాలం కాని కాలంలో సుడిగాలి: ఒక లైన్‌మన్ చెప్పే జాగ్రత్తలు

ఎండాకాలం సాయంత్రాల్లో గాలిదుమారం లేస్తుందని మా వరంగల్, ములుగు వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. కల్లంలో వడ్ల పక్కన టార్పాలిన్ సిద్ధంగా ఉంటుంది, మబ్బు పట్టగానే మామిడి తోటలో కాపలావాళ్ళు గుడిసె వదిలి వస్తారు. ఆ నెలలు దాటితే ఆ జాగ్రత్త అంతా అటకెక్కుతుంది. కరెంటు స్తంభాల మీద ఉద్యోగ జీవితమంతా గడిపినవాడిగా చెబుతున్నాను, గాలికి పంచాంగం లేదు.

2024 ఆగస్టు 31 సాయంత్రం తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో వేల చెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. సుమారు 50 వేలని తొలి అంచనా. అది నడి వానాకాలం. బంగాళాఖాతంలోని వాయుగుండం ఆ రాత్రే కళింగపట్నం దగ్గర తీరం దాటింది. గాలి విరుచుకుపడిన చోట ఊరు లేదు కాబట్టి బతికిపోయాం. అమెరికాలోని కెంటకీ రాష్ట్రానికి ఆ అదృష్టం దక్కలేదు. 2021 డిసెంబరు 10 రాత్రి మేఫీల్డ్ పట్టణం మీదుగా వెళ్ళిన టోర్నడో, అంటే మబ్బు నుంచి నేలదాకా దిగే భారీ సుడిగాలి, దాదాపు 266 కిలోమీటర్లు నేలను దున్నుకుంటూ పోయి 57 మందిని పొట్టన పెట్టుకుంది. డిసెంబరు అక్కడ టోర్నడోల కాలం కాదు. అయినా ప్రమాదం ఉందని అక్కడి వాతావరణ శాఖ ముందే చెప్పగలిగింది. ఎందుకంటే వాళ్ళు చూసింది నెలను కాదు. నేల దగ్గర తేమతో నిండిన వెచ్చని గాలి ఉందా, పైకి పోయేకొద్దీ గాలి వేగం, దిశ మారుతున్నాయా అని చూశారు. ఆ రెండూ కలిస్తే ఏ నెలైనా ఒకటే.

మనం చేయవలసిన మొదటి పని పొద్దున్నే హైదరాబాద్ వాతావరణ కేంద్రం ఇచ్చే జిల్లాలవారీ సూచన చూడటం. అందులో టోర్నడో అనే మాట కోసం వెతకవద్దు. ‘ఉరుములు, మెరుపులతో గంటకు ఇన్ని కిలోమీటర్ల ఈదురుగాలులు’ అన్న వాక్యమే మనకు హెచ్చరిక. మన జిల్లాకు నారింజ రంగు (సిద్ధంగా ఉండమనే హెచ్చరిక) వేశారంటే ఆ రోజు పొలం పనిని మధ్యాహ్నానికే ముగించుకునేలా చూసుకోండి. తర్వాత వాతావరణ శాఖ వారి మౌసమ్ యాప్‌లో రాబోయే మూడు గంటలకు ఇచ్చే సూచన చూడండి. పొద్దుటి సూచన జిల్లా మొత్తానికి చెబుతుంది, ఈ మూడు గంటల సూచన ముంచుకొస్తున్న మబ్బును చూసి చెబుతుంది. దామిని యాప్ మన చుట్టుపక్కల పిడుగులు ఎక్కడ పడుతున్నాయో చూపిస్తుంది.

వాన మబ్బులు ఎక్కడున్నాయో చూపే రాడార్ చిత్రం చూడటం కష్టమేమీ కాదు. ఎరుపు, ముదురు రంగు ముద్ద (గట్టి వాన మబ్బు) ఎక్కడుందో గుర్తుపెట్టుకుని, కాసేపాగి కొత్త చిత్రంలో అది ఎంత జరిగిందో చూడాలి. అరగంటలో జనగామ నుంచి స్టేషన్ ఘన్‌పూర్‌కు వచ్చిందంటే మరో అరగంటలో కాజీపేట నెత్తిన ఉంటుంది. అయితే ఒక సంగతి మనసులో పెట్టుకోండి. భూమి గుండ్రంగా ఉండటం వల్ల హైదరాబాద్ రాడార్ కిరణం దూరం పోయేకొద్దీ పైకి లేస్తుంది. హనుమకొండ చేరేసరికి నేలకు రెండు కిలోమీటర్లకు పైన, తాడ్వాయి చేరేసరికి నాలుగు కిలోమీటర్లకు పైన పోతుంది. దాని కిందుగా తిరిగే చిన్న సుడి దాని కంటికి ఆనదు. అందుకే ఫోను చూసి ఊరుకోకుండా తలెత్తి ఆకాశం కూడా చూడాలి. మబ్బు అడుగుభాగం కిందికి వేలాడుతూ గిర్రున తిరుగుతున్నా, ఉక్కపోత మధ్యలో ఒక్కసారిగా చల్లగాలి కొట్టినా, వాన కనబడకుండా హోరు దగ్గరవుతున్నా ఇక ఆలస్యం చేయవద్దు. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్ల కన్నా తక్కువ ఉంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉందని లెక్క. చివరి ఉరుము వినబడ్డాక అరగంట దాకా బయటికి రావద్దు.

ఎక్కడ దాక్కోవాలి? స్లాబు ఇల్లు, లేదంటే ఊరి బడి స్లాబు గది. కిటికీలకు దూరంగా, లోపలి గోడ వారగా కూర్చుని తలను చేతులతో కప్పుకోవాలి. చెట్టు కింద, ప్రహరీ వారన, బస్టాపు రేకుల కింద నిలబడవద్దు. మన ఊళ్ళలో రేకులు లేచిపోకుండా వాటి మీద బండరాళ్ళు పెడతారు. పెద్దగాలికి రేకు లేచిందంటే ఆ రాళ్ళు లోపల ఉన్నవాళ్ళ మీదే పడతాయి. ఈ వారమే ఆ రాళ్ళు దించి, రేకులను హుక్కు బోల్టులతో కింది పైపులకు బిగించండి. దయచేసి వాయిదా వేయకండి.

ఇప్పుడు నాకు బాగా తెలిసిన విషయానికి వస్తాను. గాలి ఆగాక జనం బయటికి వస్తారు చూడండి, ఆ గంట నాకు గాలికన్నా ఎక్కువ భయం. 11 కేవీ (11 వేల వోల్టుల) తీగ తెగిపడితే సబ్‌స్టేషన్‌లో బ్రేకర్, అంటే లైనును ఆపే స్విచ్, దానంతటదే పడి కరెంటు ఆగిపోతుందని అందరూ అనుకుంటారు. తారు రోడ్డు మీదో ఎండు ఇసుక మీదో పడితే నేలలోకి పోయే కరెంటు తక్కువై బ్రేకర్ కదలకపోవచ్చు. నిప్పురవ్వలు లేవని, ఊరంతా చీకటిగా ఉందని ధైర్యం చేయవద్దు. లైన్ మళ్ళీ ఛార్జ్ చేస్తే అదే తీగలోకి ఏ క్షణమైనా కరెంటు వస్తుంది. తీగ పడిన చోట నేలలో కూడా కరెంటు పాకుతుంది. రెండు పాదాలు ఎంత ఎడంగా ఉంటే ఒంట్లోకి అంత ఎక్కువ ఎక్కుతుంది. బర్రెలు, ఎద్దుల ముందుకాళ్ళకూ వెనుకకాళ్ళకూ మధ్య దూరం ఎక్కువ కాబట్టే అవి ముందు పడిపోతాయి. వాటిని లేపడానికి పరిగెత్తిన రైతు వాటి పక్కనే పడతాడు. అలా మాత్రం వెళ్ళకండి. కనీసం పది మీటర్ల దూరంలో ఆగిపోండి. దగ్గరికి వెళ్ళాక తీగ కనబడితే పాదాలు రెండూ ఆనించి, నేలకు రాస్తూ చిన్నగా వెనక్కి జరగండి. ట్రాక్టరు మీద తీగ పడితే నడిపేవాడు సీటులోనే ఉండాలి. మంటలు వస్తే తప్ప దిగకూడదు. దిగక తప్పకపోతే బండిని పట్టుకోకుండా రెండు కాళ్ళూ కలిపి దూకాలి.

బట్టలు ఆరేసే ఇనుప దండెం, బోరు స్టార్టర్ పెట్టె, తడిసిన గోడ, వీటిని ముట్టుకోబోయే ముందు మెయిన్ ఆపండి. జనరేటర్‌ను ఇంటి ప్లగ్గులో గుచ్చి వాడేవాళ్ళకు ఒక మనవి. ఆ కరెంటు సర్వీసు వైరు గుండా ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి పోయి 11 కేవీగా మారుతుంది. లైను ఆపాం కదా అని స్తంభమెక్కిన మనిషి ప్రాణం మీ చేతిలో ఉంటుంది. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసినప్పుడు ఊరి పేరుతో పాటు ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసిన నంబరు చెబితే మావాళ్ళు సగం సమయంలో చేరుకుంటారు.

వచ్చింది సుడిగాలా, మబ్బులోంచి కిందికి దూకి పరుచుకున్న గాలా అన్నది పడిన స్తంభాలు, చెట్లే చెబుతాయి. అన్నీ ఒకే వైపు వాలి ఉంటే, లేదా ఒక చోటునుంచి విసనకర్రలా విచ్చుకుని ఉంటే, అది కిందికి దూకిన గాలి. సన్నని బాట వెంట ఇటువి అటు, అటువి ఇటు పడి ఒకదానిమీద ఒకటి అడ్డంగా ఉంటే సుడి తిరిగిందన్నమాట. సిమెంటు స్తంభం విరిగితే లోపలి ఇనుప చువ్వలు ఏ వైపు వంగాయో చూడండి, విరిగిన ముక్క దొర్లినా అవి అబద్ధం చెప్పవు. అయితే స్తంభాల్లో కొన్నిటిని గాలి కాక పక్క స్తంభపు తీగ లాగి పడేస్తుంది, అందుకని చెట్లతో పోల్చుకోవాలి. రంపాలు రాకముందే, ఏది ఏ దిక్కున పడిందో తెలిసేలా ఫోనుతో ఫొటోలు తీయండి. ఫోనులోని దిక్సూచిని కూడా ఒక ఫొటోలో చూపించండి. మరుసటి ఏడాది సూచన మెరుగుపడాలంటే అధికారులకు కావలసింది ఇలాంటి ఆధారమే.

పంట ఫొటోలు కూడా అప్పుడే తీసి ఏఈఓకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) చూపించండి. 33 శాతం, ఆపైన నష్టమైతేనే విపత్తు సాయం లెక్కలోకి వస్తుంది, కాబట్టి పడిన మొక్కజొన్నను పీకేయకముందే పరిశీలన జరగాలి. పశువు చనిపోతే పూడ్చకముందు పశువైద్యుడి ధ్రువపత్రం తీసుకోవాలి. మనిషి పోతే పంచనామా, పోస్టుమార్టం తప్పవు. దుఃఖంలో ఉన్న ఇంటివాళ్ళకు ఇవేవీ గుర్తుండవు, పక్కింటివాళ్ళే ఆ కాగితాల పని చూసిపెట్టాలి.