జాజ్ వినడం నేర్చుకుందాం – 5వ భాగం: అట్ట వెనక పేర్లు

గత భాగంలో 12 బార్ల (తాళపు చిన్న విభాగాల) బ్లూస్ రూపాన్ని లెక్కపెట్టడం అభ్యసించాం. బార్‌కు 4 దెబ్బల చొప్పున 48 దెబ్బలు పూర్తయితే ఒక కోరస్, అంటే ఆ రూపం ఒక చుట్టు, ముగిసినట్టు. ఆ లెక్క ఇంకా తడబడుతున్నవారు మరికొన్ని రోజులు దానితోనే గడిపి ఈ పాఠానికి రావడం మంచిది, ఎందుకంటే ఒక వాద్యగాడిని గుర్తుపట్టడానికి ముందు అతని వంతు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో చెవికి తెలియాలి.

మరుగున పడిన రికార్డులను ఎవరి సిఫారసూ లేకుండా వెతికి పట్టుకోవడం ఈ భాగం విషయం. తప్పక వినవలసిన ఆల్బమ్‌ల జాబితాలు మొదట్లో పనికొస్తాయి గాని, అవి చాలావరకు ఒకే కొద్దిమంది నాయకుల (ఎవరి పేరు మీద రికార్డు వస్తుందో వారి) చుట్టూ తిరుగుతాయి. జాబితా దాటి వెళ్లాలంటే రికార్డు అట్ట తిప్పి, నాయకుడితో కలిసి వాయించినవారి పేర్లు చదవాలి. కచేరీకి వెళ్లే రసికుడు పాడేది ఎవరో తెలుసుకుని ఊరుకోడు, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అని కూడా అడుగుతాడు. జాజ్‌లో ఆ ప్రశ్నకు ఇంకా ఎక్కువ ఫలితం ఉంటుంది, ఎందుకంటే ఇవాళ ఒకరి రికార్డులో పక్కన నిలబడి వాయించినవాడు వారం తిరక్కుండానే తన పేరు మీద మరో రికార్డు చేసిన సందర్భాలు ఉన్నాయి.

అలాంటి ఒక దారిలో మొదటి నుంచి చివరిదాకా నడుద్దాం. ఆర్గాన్ వాద్యకారుడు జిమ్మీ స్మిత్ బ్లూ నోట్ అనే రికార్డుల సంస్థకు చేసిన «ద సెర్మన్» బాగా పేరున్న రికార్డు. 1958 ఫిబ్రవరిలో రికార్డు చేసిన దాని శీర్షిక రచన దాదాపు 20 నిమిషాల పాటు సాగే 12 బార్ల బ్లూస్. అందులో రెండు శాక్సఫోన్లు వినిపిస్తాయి: పదునుగా, పై స్థాయిలో పలికే ఆల్టో లూ డొనాల్డ్‌సన్‌ది, అంతకంటే కింది స్థాయిలో పలికే టెనర్ టీనా బ్రూక్స్‌ది. మొదటిసారి ఏమీ ఆలోచించకుండా వినండి. రెండోసారి టెనర్ వంతు వచ్చినప్పుడు మాత్రమే కోరస్‌లు లెక్కపెట్టండి. బ్రూక్స్ అరుపులకు పోడు, వాక్యాన్ని తొందరపడి ముగించడు. కోరస్ గీత దాటినా తన ఊహను కొనసాగిస్తూ పోతాడు. లెక్క వచ్చినవారికే ఆ దాటడం తెలుస్తుంది.

టీనా అన్న పేరు చూసి స్త్రీ అనుకోవద్దు. ఈయన అసలు పేరు హెరాల్డ్ ఫ్లాయిడ్ బ్రూక్స్, 1932లో ఉత్తర కరోలినాలోని ఫాయెట్‌విల్‌లో పుట్టాడు. చిన్నప్పుడు పొట్టిగా ఉండడం వల్ల ఆ ముద్దుపేరు వచ్చి, చివరికి అదే నిలిచిపోయింది.

పేరు పట్టుకున్నాం కనుక రెండో మెట్టు ఎక్కుదాం. బ్లూ నోట్ ఆల్బమ్ సంఖ్యల్లో 4040, 4041 పక్కపక్కనే ఉంటాయి. 4040వది ట్రంపెట్ వాద్యకారుడు ఫ్రెడ్డీ హబర్డ్ తొలి ఆల్బమ్ «ఓపెన్ సెసమీ», రికార్డు చేసింది 1960 జూన్ 19న. అప్పటికి అతనికి 22 ఏళ్లు. 4041వది బ్రూక్స్ నాయకత్వంలో జూన్ 25న చేసిన «ట్రూ బ్లూ». ఆరు రోజుల తేడాతో, న్యూజెర్సీలో రూడీ వాన్ గెల్డర్ నడిపిన అదే స్టూడియోలో, అదే ట్రంపెట్, అదే టెనర్, అదే బాస్ వాద్యకారుడు సామ్ జోన్స్! మారినవారు ఇద్దరే: పియానో దగ్గర మకాయ్ టైనర్ స్థానంలో డ్యూక్ జోర్డన్, డ్రమ్స్ దగ్గర క్లిఫర్డ్ జార్విస్ స్థానంలో ఆర్ట్ టేలర్. పోల్చి వినడం నేర్చుకునేవారికి ఇంతకంటే మంచి జత దొరకడం కష్టం. ముందు ఒక్కో రికార్డులో పియానోను మాత్రమే వినండి. టైనర్ స్వరగుచ్ఛాలను ఎంత దట్టంగా పేరుస్తాడో, జోర్డన్ ఎంత పొదుపుగా వాటిని విడుస్తాడో తెలిశాక, అదే టెనర్ ఈ ఇద్దరి మీద రెండు రకాలుగా ఎందుకు నడుస్తున్నదో అర్థమవుతుంది. «ఓపెన్ సెసమీ» శీర్షిక రచన కూడా బ్రూక్స్‌దే అన్న సంగతి అట్ట చదవనివారికి తెలియనే తెలియదు. «ట్రూ బ్లూ»లోని ఆరు రచనల్లో అయిదు ఆయన సొంతం.

తరువాత హబర్డ్ డ్రమ్స్ వాద్యకారుడు ఆర్ట్ బ్లేకీ బృందంలో చేరి పెద్ద పేరు తెచ్చుకున్నాడు. బ్రూక్స్ జీవించి ఉండగా ఆయన పేరు మీద విడుదలైనది «ట్రూ బ్లూ» ఒక్కటే. 1958లో ట్రంపెట్ వాద్యకారుడు లీ మోర్గన్, పియానో వాద్యకారుడు సానీ క్లార్క్, ఆర్ట్ బ్లేకీలతో చేసిన «మైనర్ మూవ్», 4052 అనే సంఖ్య కేటాయించాక కూడా బయటికి రాని «బ్యాక్ టు ద ట్రాక్స్», 1961 మార్చిలో చేసిన «ద వెయిటింగ్ గేమ్», ఈ మూడూ సంస్థ అరల్లోనే ఉండిపోయాయి. 1961 తరువాత ఆయన మళ్లీ రికార్డు చేయలేదు. హెరాయిన్ వ్యసనం, అనారోగ్యం ఆయనను లోబరచుకున్నాయి. 1974లో, 42 ఏళ్లకే చనిపోయాడు. మొజాయిక్ అనే చిన్న రికార్డుల సంస్థ 1985లో ఈ నాలుగు రికార్డింగ్ సెషన్లనూ ఒకే పెట్టెగా తెచ్చాకే ఆయన ఎంత వాయించాడో శ్రోతలకు పూర్తిగా తెలిసింది.

ఇందులోంచి నేర్చుకోవలసిన అలవాటు ఒకటి ఉంది: అట్ట మీద విడుదలైన సంవత్సరాన్ని, రికార్డు చేసిన తేదీని వేరువేరుగా చదవడం. రెండింటి మధ్య పదిహేను, ఇరవై ఏళ్ల దూరం కనబడితే అక్కడ ఆగి వినవలసిందే. అయితే దూరం ఉన్న ప్రతి రికార్డూ మంచిదని అనుకోకూడదు. సంస్థలు కొన్నిటిని సరైన కారణంతోనే ఆపాయి. అలాగే పాత ఎల్‌పీ మొదటి ముద్రణకు వేలంలో పలికే ధరకూ, లోపలి సంగీతానికీ సంబంధం లేదు. చెవిని పెంచుకోదలచినవారికి స్ట్రీమింగ్ చాలు. ఒక్క చిక్కు మాత్రం ఉంది. స్ట్రీమింగ్ యాప్‌లు చాలాసార్లు నాయకుడి పేరుతో సరిపెట్టి వాద్యగాళ్ల పేర్లను వదిలేస్తాయి కనుక, వాటిని డిస్కాగ్స్ (రికార్డుల వివరాలు నమోదు చేసే వెబ్‌సైట్) వంటి చోట వెతికి, ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాకే వినడం మొదలుపెట్టండి.

ఈ వారం అభ్యాసానికి పియానో వాద్యకారుడు ఫ్రెడ్డీ రెడ్ 1960లో చేసిన «షేడ్స్ ఆఫ్ రెడ్» తీసుకోండి. టెనర్ బ్రూక్స్‌దే, ఆల్టో జాకీ మెక్లీన్‌ది. పేర్లు చూడకుండా ఎవరి వంతు ఏదో రాసుకుని, ఆ తరువాతే అట్టతో సరిచూసుకోండి. బ్రూక్స్‌ను వదిలి మిగిలినవారిలో ఎవరి వెంట వెళ్లాలనిపించిందో ఆ పేరు కింద గీత గీయండి. 6వ భాగాన్ని ఆ పేరుతో మొదలుపెడదాం.