కొండ దిగేటప్పుడు బండిని ఇంజిన్‌తోనే పట్టాలి

మాది చిత్తూరు. రెండు నెలలకోసారైనా తిరుమల వెళ్తాం. డ్రైవింగ్ నాదే. పక్కన మా ఆయన, మధ్య సీట్లో అత్తమ్మ, ఇద్దరు పిల్లలు, వెనక సామాను. బండి సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఏడు సీట్ల ఎస్‌యూవీ, 1.5 లీటర్ డీజిల్, ఆటోమేటిక్. ఇలాంటి బండి కొత్తగా కొని మొదటిసారి ఘాట్ రోడ్డెక్కబోయే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఎక్కడం కంటే దిగడం గురించే ఎక్కువ చెప్తాను. నేను భయపడింది అక్కడే.

ఒకసారి దిగేటప్పుడు గేరు 'డి' (డ్రైవ్)లోనే ఉంచి, మొదటి ఘాట్ రోడ్డులో మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతూ దిగాను. సగం దూరం వచ్చాక అత్తమ్మ "ఏం మే, ఏందో కాలిన వాసన వస్తా ఉండాది" అంది. తర్వాతి మలుపులో పెడల్ రోజూ ఆగే చోట ఆగలేదు. దూదిని తొక్కినట్టు లోపలికి దిగిపోయింది. గేరు తగ్గించి, రోడ్డు వెడల్పుగా ఉన్న చోట ఎలాగో పక్కకు ఆపాను. ముందు చక్రం దగ్గర చెయ్యి పెడితే జానెడు దూరం నుంచే సెగ కొట్టింది. మా ఆయన నీళ్ళ సీసా తీశాడు, వద్దన్నాను. కాలిన బ్రేకు డిస్కు మీద చల్లటి నీళ్ళు పడితే అది వంకర పోవచ్చు, పగలొచ్చు. అరగంట అలాగే కూర్చున్నాం.

మరుసటి రోజు మెకానిక్ అన్న బ్రేక్ ఆయిల్ చూపించాడు, నల్లగా ఉంది. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తదైతే 230 డిగ్రీలకు గానీ మరగదు. తేమ చేరేకొద్దీ అంతకంటే చాలా ముందే మరుగుతుంది. మరిగితే బుడగలు వస్తాయి. మనం తొక్కే బలమంతా ఆ బుడగల్ని నొక్కడానికే పోతుంది, చక్రం దాకా చేరదు. అందుకే రెండేళ్ళకోసారి బ్రేక్ ఆయిల్ మార్పించండి. పాత బండి కొంటే ఇంటికి తెచ్చిన వారంలోనే మార్పించండి.

ఇక దిగే పద్ధతి. కొండ దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని టీటీడీ నియమం. దూరం 18 కిలోమీటర్ల పైచిలుకు. అంటే సగటున గంటకు 30 కూడా దాటకూడదు. ఆ వేగానికి రెండో గేరు చక్కగా సరిపోతుంది, తిన్నగా ఉన్న చోట మూడు. ఆటోమేటిక్ అయితే లివర్‌ను మాన్యువల్ వైపు జరిపి 2లో పెట్టండి. ఆ సౌకర్యం లేకపోతే 'ఎల్' (లో, అంటే తక్కువ గేరు) వాడండి. ఇంజిన్ గట్టిగా మూలుగుతుంది. ఆర్‌పీఎం ముల్లు 3000 దగ్గర తిరిగినా టెన్షన్ పడొద్దు, ఎర్ర గీత దాటకపోతే చాలు. మలుపుకు ముందే బ్రేకు ఒకసారి గట్టిగా తొక్కి వదిలేయండి. పెడల్ మీద కాలు ఆనించి ఉంచొద్దు.

డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్ళను చూస్తుంటాను. దయచేసి అలా చేయకండి. ఇప్పటి ఇంజిన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంధనం ఇంజిన్‌లోకి పోవడమే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగకుండా ఉండటానికి డీజిల్ కాలుతూనే ఉంటుంది. ఇంజిన్ ఆపేసి దిగడం ఇంకా ప్రమాదం, బ్రేకు రాయిలా గట్టిపడుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది.

వాలులో బండి వేగాన్ని తనే అదుపు చేసే హిల్ డిసెంట్ బటన్ డ్యాష్‌బోర్డు మీద ఉంది కదా అనుకోవద్దు. అది బ్రేకుల్నే వాడుతుంది. నిటారుగా ఉండే మట్టి దారిలో నాలుగడుగులు దిగడానికి పనికొస్తుంది గానీ, ఇంత పొడుగు ఘాట్‌కు కాదు. ఫోర్ వీల్ డ్రైవ్ కోసం కూడా అదనంగా లక్షలు పోయనక్కర్లేదు. అది బురదలో లాగుతుంది, బండిని తొందరగా ఆపదు. మా బండికి ముందు చక్రాలే లాగుతాయి. నిండుగా జనం ఉన్నా ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. వాన పడితే యాక్సిలరేటర్ కాస్త మెల్లగా తొక్కాలి, అంతే. బయల్దేరే ముందు టైర్లలో గాలి ఫుల్ లోడ్‌కు ఎంతో డ్రైవర్ డోర్ దగ్గరున్న స్టిక్కర్‌లో చూసి పట్టించండి.

ఎక్కేటప్పుడు జాగ్రత్త ఒకటే. రద్దీలో ఆగినప్పుడు యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకుండా బ్రేకు పట్టండి. రెండు క్లచ్‌లతో పనిచేసే ఆటోమేటిక్ (డ్యూయల్ క్లచ్) గేర్‌బాక్స్ అయితే క్లచ్ వేడెక్కిపోతుంది. ఏఎంటీ (మాన్యువల్ గేర్లనే యంత్రం మార్చే రకం ఆటోమేటిక్) కొనేవాళ్ళు, ఎత్తులో బ్రేకు వదిలాక బండిని కాసేపు పట్టి ఉంచే హిల్ హోల్డ్ ఉన్న మోడలే తీసుకోండి, లేకపోతే వెనక్కి జారుతుంది.

డబ్బు పెట్టాల్సింది ఈఎస్‌సీ (ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్) మీద. మలుపులో బండి జారబోతే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలో పెడుతుంది. మధ్య సీటుకు మూడు చోట్ల పట్టే బెల్టుందో లేదో షోరూమ్‌లోనే కూర్చుని పెట్టుకుని చూడండి. మా అత్తమ్మకు మొదట్లో బెల్టంటే చిరాకు, ఇప్పుడు పిల్లలకు తనే పెడుతుంది. చిన్నదానికి ఐసోఫిక్స్ సీటు, అంటే బండి సీటులోని కొక్కేలకు తగిలించే పిల్లల సీటు బిగించాం. ముందు సీట్లో బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకోవద్దు, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే ఆ దెబ్బ బిడ్డకే తగులుతుంది.

ఇప్పుడు దిగాక అలిపిరి దాటి ఒక పక్కన ఆపుతాను. ముందు చక్రం దగ్గర, తాకకుండా, చెయ్యి పెట్టి చూస్తాను. గోరువెచ్చగా ఉంటే గేరు సరిగ్గా వాడినట్టే. చెయ్యి వెనక్కి లాక్కునేంత సెగ ఉంటే ఈసారి ఇంకో గేరు తగ్గించి దిగండి.